మరిది ముగ్గు బాగా వేస్తాడు

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. నాకు 37 ఏళ్లు. అత్తగారు, మావారు, మా పాప, మా మరిది, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. మరిదికి 32. రుషికొండ దగ్గర ఐటీ కంపెనీలో ఉద్యోగం. ఇప్పటికి ఏడు సంబంధాలు వద్దన్నాడు. ఎందుకో చెప్పడు. మనిషి చాలా మెత్తన, గొంతు పెద్దగా లేపడు. వంట నాకంటే బాగా చేస్తాడు. సంక్రాంతికి మా వాకిట్లో ముగ్గు వేసేది తనే. క్రికెట్ చూడడు. అమ్మాయిలతో స్నేహాలు ఉన్నట్టు లేదు. గాజువాక నుంచి ఒక స్నేహితుడు ప్రతి ఆదివారం వస్తాడు, ఇద్దరూ బండి మీద భీమిలి దాకా వెళ్లొస్తారు. ఆ అబ్బాయిది మాత్రం జిమ్ బాడీ, చూస్తే అలా అనిపించడు.

చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మా పిన్నత్తగారు "పాయింట్ ఫైవా ఏటే?" అని నా మొహం మీదే అడిగేసింది. మొన్నొక రాత్రి టీవీలో కామెడీ ప్రోగ్రాంలో మగవాళ్లు చీరలు కట్టుకుని గంతులేస్తుంటే మావారు "మనోడు వెళ్తే బాగా రాణిస్తాడు" అన్నారు. అందరం నవ్వాం. మరిది సగం అన్నంలో కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. మర్నాడు మా పాప, దానికి తొమ్మిదేళ్లు, "అమ్మా, బాబాయి తేడానా? తేడా అంటే ఏంటి?" అని అడిగింది.

ఇప్పుడు అనకాపల్లి నుంచి మంచి సంబంధం వచ్చింది. వచ్చే నెల పెళ్లిచూపులు. "నీతో చనువుగా ఉంటాడు కదా, నువ్వే కనుక్కో, లేదంటే వాడి ఫోనన్నా చూడు" అంటున్నారు అత్తగారు. ఫోన్ లాక్ నాకు తెలుసు. తను నిజంగా అలాంటివాడేనా? ఎలా తెలుసుకోవాలి? పెళ్లయితే సర్దుకుంటుందా? హార్మోన్ల డాక్టరుకి చూపించాలా? దయచేసి పేరు వెయ్యకండి.

సమాధానం:

అమ్మా, ముందు ఫోను సంగతి. చూడొద్దు. లాక్ తెలిసినా సరే, అత్తగారు చెప్పినా సరే. మీ లాంటి ఇళ్లలో ఫోన్ లాక్ ఎలా తెలుస్తుందో నాకు తెలుసు. పాపకి గేమ్ పెట్టిస్తూనో, కరెంటు బిల్లు కట్టిస్తూనో మీ పక్కనే కూర్చుని తెరుస్తాడు, వేలు అడ్డం పెట్టుకోడు. వదినే కదా అనుకుంటాడు. ఆ నమ్మకాన్ని ఒక్కసారి అలా వాడేసుకుంటే ఇంక జన్మలో దొరకదు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు కూర్చుని, గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చారు. మనిషికి ఎవరి మీద ఆకర్షణ కలుగుతుందన్నది కూడా ఆ గోప్యతలో భాగమేనని అందులోనే రాశారు. అది ప్రభుత్వాన్ని ఉద్దేశించి ఇచ్చిన తీర్పే అనుకోండి. అయినా సర్కారు తొంగి చూడకూడని చోట వదినగారు చూడొచ్చని నేనైతే చెప్పలేను.

ఇక మీరు రాసిన ఆనవాళ్లు. వాటిని రెండుసార్లు చదివాను. రెండోసారి నవ్వొచ్చింది, ఏమనుకోకండి.

ముగ్గుతో మొదలుపెడదాం. చుక్కల ముగ్గు వేసే మగవాడంటే నాకు ముందు గుర్తొచ్చేది లెక్క. మధ్య వరసలో 15 చుక్కలు, సందు చుక్క పెడుతూ రెండు పక్కలా 8 వచ్చే వరకూ తగ్గించుకుంటూ పోవాలి. ఒక్క చుక్క అటూ ఇటూ అయిందంటే నెమలి మెడ విరుగుతుంది. అది కుదురుగా వేశాడంటే చెయ్యి వణకదు, ఓపిక ఉంది, లెక్క వచ్చు. అంతవరకే నాకు అర్థమవుతోంది. ఆ ముగ్గుపిండిలో అతని మనసు ఎవరి మీదుందో మీ పిన్నత్తగారికి కనిపించిందంటే ఆవిడకి ఇక్కణ్నుంచే ఒక దణ్ణం.

వంట సంగతా? మీ పెళ్లిలో గాడిపొయ్యి దగ్గర చొక్కా విప్పి, నడుముకి తుండు బిగించి గరిటె తిప్పింది ఎవరు? మగవాళ్లే కదా. వాళ్ల దగ్గరికి వెళ్లి "ఏం నాయనా, నీకు అమ్మాయిలంటే ఇష్టం లేదా" అని ఎవరైనా అడిగారా? వెయ్యి మందికి డబ్బులు తీసుకుని వండితే మగతనానికి లోటు లేదు, ఇంట్లో నలుగురికి వండితేనే అనుమానం! క్రికెట్ సంగతి నేను వదిలేస్తున్నాను, మా ఇంట్లోనూ ఎవరూ చూడరు.

భీమిలి ప్రయాణం ఒకటి. ఆదివారం పొద్దున బీచ్ రోడ్డు మీద నిలబడండి. ఒకే బండి మీద ఇద్దరు మగపిల్లలు వెళ్లినప్పుడల్లా ఒక గీత గీయండి. తెన్నేటి పార్కు దగ్గర నిలబడితే గంటలో కాగితం నిండిపోతుంది. మన ఊళ్లో మగపిల్లల స్నేహమంటేనే అది: సముద్రం పక్కన రోడ్డు, ఒక బండి, మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి. అయితే వాళ్లు వట్టి స్నేహితులేనని కూడా నేను అనడం లేదు. నాకు తెలియదు. మీకూ తెలియదు. రోడ్డు మీద నిలబడి చూసేవాళ్లెవరికీ తెలిసే వీల్లేదు.

నన్ను ఆపేసిన మాట ఒకటుంది. ఆ గాజువాక అబ్బాయి గురించి "చూస్తే అలా అనిపించడు" అని రాశారు. "అలా" అంటే ఎలాగమ్మా? మీ మనసులో ఒక బొమ్మ ఉంది. చెయ్యి వంపు తిప్పుతుంది, మాట సాగదీస్తుంది, నడుము కదుపుతుంది. ఆ బొమ్మ ఎక్కణ్నుంచి వచ్చిందో మీ ఉత్తరంలోనే రాశారు: ఆ రాత్రి టీవీలో గంతులేసింది అదే. దానితో పోలిస్తే మరిది కాస్త దగ్గరగా కనిపించాడు, జిమ్ అబ్బాయి దూరంగా కనిపించాడు. దాంతో ఒకరికి ముద్ర పడింది, ఇంకొకరికి సర్టిఫికెట్టు వచ్చేసింది. రెండూ ఊహలే. కండలు పెంచిన వాడికి అబ్బాయిలంటే ఇష్టం ఉండకూడదని ఎక్కడా లేదు.

మన భాషలో ఆడంగిరేకులవాడు అనే మాట ఉంది, మగరాయుడు అనే మాట ఉంది. రెండూ నడకా మాటా చూసి పెట్టిన పేర్లే. మనసు ఎవరి మీదకు పోతుందన్నది వేరే విషయం. నడక మెత్తగా ఉన్న మగవాళ్లలో భార్యాపిల్లలతో హాయిగా ఉన్నవాళ్లు బోలెడంతమంది. స్వలింగ ఆకర్షణ ఉన్న మగవాళ్లలో మీసం మెలేసేవాళ్లూ, వీధిలో పంచాయితీలు చేసేవాళ్లూ ఉంటారు. ఇక నేను ఆడా మగా అని లోపల తనకు తాను అనుకునేది ఈ రెంటితోనూ సంబంధం లేని మూడో విషయం, ట్రాన్స్‌జెండర్ అనేది దానికి సంబంధించిన మాట. మనం ఈ మూడింటినీ కలిపి ఒకే గంపలో వేసి పైన "తేడా" అని చీటీ అంటిస్తాం. స్థానం నరసింహారావు గారు సత్యభామగా రంగం మీదకొస్తే మన తాతలు, ముత్తాతలు టికెట్టు కొనుక్కుని నోళ్లు తెరుచుకుని చూశారు. 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు ఆయనకి. కూచిపూడిలో తరతరాలుగా భామ వేషం కట్టింది మగవాళ్లే. జడ వేసుకుని అలిగి కూర్చుంటే అది విద్య. అదే వయ్యారం మన ఇంట్లో కుర్రాడి చేతివేళ్లలో రవ్వంత కనబడితే చుట్టాలు ఫోన్లు చేసుకుంటారు.

పోనీ, మనకి చేతకాదు, చదువుకున్న నిపుణులు కనిపెట్టగలరేమో అనుకుంటారా? అదీ చూశారు. 1950లలో అమెరికాలో ఎవలిన్ హుకర్ అనే సైకాలజిస్టు 30 మంది స్వలింగ ఆకర్షణ ఉన్న మగవాళ్లనీ, 30 మంది మామూలుగా ఆడవాళ్లంటే ఇష్టపడే మగవాళ్లనీ తీసుకుంది. సిరామరకల బొమ్మలు చూపించి ఏం కనిపిస్తోందో చెప్పించే పరీక్షలున్నాయి చూడండి, అలాంటివన్నీ పెట్టింది. ఎవరు ఎవరో చెప్పకుండా ఆ జవాబులు ముగ్గురు పేరున్న నిపుణుల చేతిలో పెట్టింది. ఎవరు ఏ కోవ వారో విడదీయడం వాళ్ల వల్ల కాలేదు, బొమ్మా బొరుసూ వేసి చెప్పినట్టే అయింది. ఆ ఫలితాలు 1957లో అచ్చయ్యాయి. జీవితమంతా మనుషుల మనసులు చదివినవాళ్లకే అంతుపట్టనిది మనం కంచం ముందు కూర్చుని తేల్చేస్తున్నాం.

ఇంత ధైర్యంగా చెప్తున్నానని నన్ను గొప్పదాన్ని అనుకోకండి. నేనూ తేల్చేసినదాన్నే.

ముప్పై అయిదేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఈ ఊళ్లోనే ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. మా పక్క గదిలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలు. ఒకే ఊరి వాళ్లు. అందులో ఒకమ్మాయి క్రాఫు చేయించుకునేది, ప్యాంటూ షర్టూ వేసుకునేది. ఇద్దరూ మంచాలు కలిపేసుకుని పడుకునేవారు. మాకింకేం కావాలి! ఆ అమ్మాయికి "బావగారు" అని పేరు పెట్టాం. మెస్సులో వాళ్లు వస్తుంటే చెంచాలతో పళ్లేల మీద మేళం వాయించేవాళ్లం. చివరికి ఎవరో వార్డెన్ చెవిన వేశారు. ఆవిడ వాళ్లని వేరే వేరే గదుల్లోకి మార్చింది. ఆ నెల తిరక్కుండానే క్రాఫు అమ్మాయి ట్రంకు పెట్టె రిక్షాలో పెట్టుకుని వెళ్లిపోయింది. గేటు దాకా ఎవరం వెళ్లలేదు.

తర్వాత పదిహేను ఇరవై ఏళ్లకి, అప్పట్లో మాతో ఉండే ఇంకొక స్నేహితురాలు బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర కనబడింది. మురీ మిక్స్చర్ పొట్లాలు కొనుక్కుని గట్టు మీద కూర్చున్నాం. మాటల్లో పాత సంగతి వచ్చింది. అప్పుడు చెప్పింది. మిగిలిపోయిన రెండో అమ్మాయిని తర్వాత తన గదిలోనే వేశారట. ఆ అమ్మాయికి రాత్రుళ్లు మూర్ఛ వచ్చేదట. ఉద్యోగం పోతుందని, సంబంధాలు రావని ఎవరికీ చెప్పుకోలేదు. ఫిట్స్ వస్తే మంచం మీంచి పడిపోకుండా, పక్కకి తిప్పి పడుకోబెట్టడానికి మంచాలు కలిపారు. వాళ్లు దాచుకున్న గుట్టు అది. మేం అంటగట్టింది వేరొకటి.

నేను పొట్లం చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ స్నేహితురాలు కాసేపు సముద్రం వైపు చూసి, "ఇంకోటి చెప్పనా? ఆ హాస్టల్లో అలాంటి దాన్ని నేను" అంది.

అమ్మా, పళ్లేల మీద మేళం అందరికంటే గట్టిగా వాయించింది అదే. "బావగారు" అన్న పేరు కూడా అదే పెట్టిందని నాకు బాగా గుర్తు. ఎందుకలా చేశావని అడిగాను. "నేను నవ్వకపోతే మీరందరూ నావైపు చూస్తారేమోనని. మీకెవ్వరికీ రవ్వంత అనుమానం కూడా రాలేదు. రోజూ జడలో కనకాంబరాలు పెట్టుకునేదాన్ని కదా" అంది. తన అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. మీరంతా నవ్విన ఆ రాత్రి మీ ఇంట్లో టీవీ ముందు ఎవరెవరున్నారో నాకు తెలియదు. పనమ్మాయి ఉందా, పక్కింటి కుర్రాడున్నాడా, చుట్టాలున్నారా, తెలియదు. మీ పాప ఉంది. రేపు పదిహేనేళ్లకి అది ఎవరో మీకూ నాకూ తెలియదు, కానీ తన ఇంట్లో దేనికి నవ్వుతారో దానికి ఈపాటికే తెలిసిపోయింది.

మీ పేజీన్నర ఉత్తరంలో నాకు నిజంగా ఏదైనా తెలిపిన వాక్యం ఒక్కటే: కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడని. ముగ్గూ వంటా బండీ అన్నీ మీ ఊహలకి సరుకు. ఇది మాత్రం అతను స్వయంగా చెప్పిన సమాధానం. మీరందరూ దాన్ని ఎలా చదివారో కూడా ఊహించగలను. "చూశావా, రోషం వచ్చింది, అంటే నిజమే." ఒకవేళ నవ్వేసి ఊరుకుని ఉంటే? "చూశావా, రోషం కూడా రాలేదు, అంటే నిజమే." అతను ఏం చేసినా మీ తీర్పు మారదు. అమ్మాయిలంటే ఇష్టమున్నవాడైతే ఇంట్లోనే అవమానం. అబ్బాయిలంటే ఇష్టమున్నవాడైతే, ఆ మాట ఈ ఇంట్లో ఎప్పటికీ చెప్పకూడదని ఆ రాత్రే గట్టిగా తెలిసిపోయి ఉంటుంది. అందుకే మీరడిగిన "ఎలా తెలుసుకోవాలి" అన్నదానికి నా దగ్గర ఉపాయం లేదు. చెప్పాలనిపిస్తే చెప్పుకోగలిగేలా ఇల్లుందా అన్నది మాత్రం మీ చేతుల్లో పని.

పెళ్లి వద్దనడానికి వంద కారణాలుంటాయి. నాకొచ్చే ఉత్తరాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనబడేది వేరే కులం అమ్మాయి. ఆ గాజువాక స్నేహితుడికి ఒక చెల్లెలుందేమో ఎవరు చూశారు! (ఈ మాట చదవగానే మీకు ప్రాణం లేచొచ్చిందా? ఆరు నెలల కిందట ఇదే కబురు వస్తే ఇంట్లో ఏడుపులు పెట్టేవాళ్లు.) అప్పులుండొచ్చు. ఒంట్లో ఏదో ఉండొచ్చు. అన్నావదినల కాపురం రోజూ చూసి భయపడిన మరుదులు కూడా నాకు తెలుసు. అసలు ఎవరి మీదా అలాంటి కోరిక కలగని మనుషులూ ఉంటారు, అదీ సహజమే. ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరి మీదా ఇష్టం కలిగేవాళ్లూ ఉంటారు, వాళ్ల మీద మనకి ఊహాగానం కూడా చేతకాదు.

లేదూ, అతను గే అనే అనుకుందాం. అప్పుడు మీరడిగిన రెండు ప్రశ్నలకి జవాబు తెలిసి ఉండాలి కాబట్టి చెప్తున్నాను.

హార్మోన్ల డాక్టరు దగ్గరికి వద్దు. అది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మన దేశంలో మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో అదే మాట చెప్పింది. ఇంజక్షన్లతోనో, మందులతోనో, కౌన్సెలింగ్ పేరుతోనో ఆకర్షణ దిశ మార్చే వైద్యం ఏదీ లేదు. మారుస్తామని డబ్బు గుంజేవాళ్లు మాత్రం ఉన్నారు. మద్రాసు హైకోర్టు 2021లో దాని మీద గట్టిగా ఆదేశాలిచ్చాక, 2022లో జాతీయ వైద్య కమిషన్ అలాంటి "చికిత్స" చేయడం డాక్టరుకి వృత్తిపరమైన తప్పు కిందకి వస్తుందని రాష్ట్రాల వైద్య మండళ్లకి రాసింది. నేరం సంగతి కూడా మీ అత్తగారికి భయముంటే చెప్పండి: స్వలింగ సంబంధాన్ని నేరమన్న 1860 నాటి 377 సెక్షన్, ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య సంబంధాలకి వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చేసింది. పెళ్లి చేసుకునే చట్టం మాత్రం ఇంకా లేదు, 2023 అక్టోబరులో అదే కోర్టు అది పార్లమెంటు చూసుకోవాల్సిన పని అంది.

"పెళ్లయితే సర్దుకుంటుందా?" ఈ మాట మన ఇళ్లలో ఎంత తేలిగ్గా వాడతామో! సర్దుకునేది ఎవరు? అనకాపల్లి నుంచి రాబోయే ఆ అమ్మాయి. ఆ అమ్మాయిల ఉత్తరాలు నాకు పన్నెండేళ్ల తర్వాత వస్తాయి. "ఆయన చాలా మంచివారండి, తాగుడు లేదు, తిట్టడం లేదు, కానీ నా వైపు తిరిగి పడుకోరు. లోపం నాదేమోనని ఒళ్లు తగ్గాను, చీరలు మార్చాను, పిల్లల కోసం డాక్టర్ల చుట్టూ తిరిగాను." ఇలాంటివి చదివిన రోజు నాకు అన్నం సహించదు. ఇందులో ఆ మగవాడూ దుర్మార్గుడు కాడు, అతన్నీ ఎవరో ఒక ఇంట్లో "పెళ్లయితే సర్దుకుంటుంది" అని పీటల మీద కూర్చోబెట్టి ఉంటారు. అనుమానం మనసులో పెట్టుకుని మీరు పెళ్లిచూపులకి వెళ్తే, తెలిసి తెలిసి ఒక ఆడపిల్ల జీవితంతో పరీక్ష పెట్టినట్టు అవుతుంది.

ఇప్పుడు మీరు చేయగలిగినవి.

మీవారితో మొదలుపెట్టండి, అందరి ముందూ కాదు, మీ గదిలో. "ఆ రోజు మనం నవ్వాం, వాడు అన్నం వదిలేసి వెళ్లిపోయాడు, ఇంక ఆ జోకులొద్దు" అంటే చాలు. గే గురించి ఉపన్యాసం అక్కర్లేదు. ఆయన "సరదాకి అన్నాను" అంటారు. నిజంగా సరదాకే అని ఉంటారు కూడా. సరదాకే మానేయమనండి.

పాపని ఊరికే "పో, చదువుకో" అని పంపించేసి ఉంటారు, నాకు తెలుసు. మళ్లీ పిలవండి. "తేడా అనేది మనుషుల్ని వెక్కిరించే మాట. నాన్న అలా అనడం తప్పు, నేను నవ్వడం తప్పు" అని చెప్పండి. ఇంకా అడిగితే, కొంతమంది అబ్బాయిలు అమ్మాయిల్ని ప్రేమిస్తారు, కొంతమంది అబ్బాయిల్ని ప్రేమిస్తారు, బాబాయి సంగతి బాబాయి ఇష్టమని చెప్పండి. తొమ్మిదేళ్ల పిల్లకి ఇది అర్థమవుతుంది. దానికి వెంటనే ఇంకో ప్రశ్న ఉంటుంది, సాధారణంగా అది ఐస్‌క్రీం గురించి.

అత్తగారికి "నేను అడగను, ఫోను చూడను" అని చెప్పేయండి. ఆవిడ అలుగుతారు. అలగనివ్వండి. చిన్న కొడుకు ఒంటరిగా మిగిలిపోతాడేమోనన్న బెంగే ఆవిడది, ఆ బెంగ తప్పు కాదు. కూపీ లాగడానికి మిమ్మల్ని వాడుకోవడం తప్పు. మీ పిన్నత్తగారికి మాత్రం "ఆ మాట మా ఇంట్లో అనకండి" అని మొహం మీదే చెప్పండి, ఆవిడ అడిగింది కూడా మొహం మీదే కదా.

ఇక మరిది. "నువ్వు అదా?" అని అడగొద్దు, ఎంత ప్రేమగా అయినా అడగొద్దు. "నువ్వు ఎలాంటివాడివైనా మాకు ఫరవాలేదు" అని ఆర్భాటంగా ప్రకటించినా అదీ అడిగినట్టే. అతను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడు పక్కన నిలబడండి. కళ్లలోకి చూసి మాట్లాడక్కర్లేని పని చేతిలో ఉంటే మగపిల్లలకి మాట తేలిగ్గా వస్తుంది. ముందు ఆ రాత్రి నవ్వినందుకు క్షమించమనండి. తర్వాత, "అనకాపల్లి సంబంధం నీకు ఇష్టం లేకపోతే నేను ఆపిస్తాను. కారణం నాకు చెప్పక్కర్లేదు" అనండి. ఆగిపోండి. అతను "అలాగే వదినా" అని ఉల్లిపాయలు తరగడంలో పడిపోవచ్చు. ఏడాది దాకా ఇంకేమీ చెప్పకపోవచ్చు. అసలు చెప్పడానికి ఏమీ లేకపోవచ్చు కూడా. అది మీరు ఓడిపోవడం కాదు.

ఒకవేళ చెప్పాడనుకోండి, ఏ సంగతైనా సరే, మొదట "ఇది ఇంకెవరికైనా చెప్పనా, నా దగ్గరే ఉంచుకోనా?" అని అడగండి. ఉంచుకోమంటే మీవారికి కూడా చెప్పకండి. భార్యాభర్తల మధ్య రహస్యాలుండకూడదంటారు గానీ, ఇది మీ రహస్యం కాదు, దాచమని మీ దగ్గర పెట్టింది. నిద్ర లేకుండా, తిండి లేకుండా, "నేను లేకపోతే మీకే మంచిది" లాంటి మాటలు గానీ వినబడితే ఆలస్యం చేయకండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. అతను చేయనంటే మీరే చేసి ఎలా మాట్లాడాలో అడగొచ్చు.

చివరిగా అనకాపల్లి వాళ్ల సంగతి. మరిది వద్దంటే వాళ్లకి వెంటనే ఫోన్ చేయించండి, పెళ్లిచూపుల పిండివంటల దాకా తీసుకురాకండి. చేసేవాళ్లు "మా వాడికి ఇప్పుడు పెళ్లి ఉద్దేశం లేదు, మీ అమ్మాయి విషయంలో మాకే అభ్యంతరమూ లేదు" అనాలి, అంతే. జాతకాలు కుదరలేదని మాత్రం చెప్పించకండి. మర్యాదగా తప్పుకోవడానికి మన వాళ్లందరూ చెప్పే అబద్ధమే అది, మీ అత్తగారి నోటికి కూడా ముందు అదే వస్తుంది. కానీ ఫోన్ పెట్టేశాక ఆ పిల్ల జాతకంలో దోషముందట అని అక్కడ ఒకరి చెవి నుంచి ఇంకొకరి చెవికి పాకుతుంది.